చీలిక ఎక్కడ పెట్టాలి: తెలుగు నేల మీదుగా ఒక వర్ణపట చరిత్ర

పెద్ద టెలిస్కోపుల దగ్గర కొన్ని రాత్రుల పరిశీలన మొదలయ్యే ముందు, పరికరంలోకి ఒక పలుచని లోహపు రేకును జొనుపుతారు. దాని నిండా సన్నని చీలికలు ఉంటాయి. ఒక్కో చీలికను ఒక్కో గెలాక్సీ కోసమో, ఒక్కో మసక నక్షత్రం కోసమో కోసి ఉంచుతారు. మిగతా ఆకాశాన్నంతా రేకు మూసేస్తుంది. చీలికల్లోంచి దూరిన వెలుగు మాత్రమే లోపలి గ్రేటింగును దాటి, రంగులుగా విడిపోయి, డిటెక్టరు మీద వర్ణపటాల వరసగా పడుతుంది. ఒకే ఎక్స్‌పోజరులో వంద గెలాక్సీల వర్ణపటాలను తీయగల ఈ పద్ధతికి మల్టీ ఆబ్జెక్ట్ స్పెక్ట్రోస్కోపీ అని పేరు. ఆ రేకును స్లిట్ మాస్క్ అంటారు.

ఈ రేకును గీయాలంటే రెండు విద్యలు కలవాలి. వెలుగును విడదీసి చదవడం మొదటిది. ఆకాశంలో ఏ వస్తువు ఎక్కడ ఉందో వెంట్రుకవాసి తేడా లేకుండా ముందే కొలిచి ఉంచుకోవడం రెండవది. మొదటిదాన్ని ఖగోళ భౌతికం అని గౌరవించారు. రెండవదాన్ని చాలాకాలం గుమాస్తా పనిగానే చూశారు. ఈ రెండు విద్యల చరిత్రలోనూ తెలుగు నేలకు పాత్ర ఉంది. మొదటిది 1868లో గుంటూరులో ఒక మలుపు తిరిగింది. రెండవది 1914 నుంచి హైదరాబాదులోని బేగంపేటలో దశాబ్దాలపాటు ఓపికగా సాగింది. స్లిట్ మాస్క్ చరిత్రను సరిగా చెప్పాలంటే ఈ రెంటినీ ఒకచోటికి తేవాలి.

సన్నదనం ఎందుకు

1802లో ఇంగ్లండులో విలియం వొలాస్టన్ సన్నని సందులోంచి వచ్చిన పగటి వెలుగును పట్టకంతో చూశాడు. రంగుల నడుమ కొన్ని నల్లని గీతలు కనిపించాయి. 1814లో జర్మనీలో జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ అలాంటివి వందల గీతలను గుర్తించి, ముఖ్యమైనవాటికి అక్షరాల పేర్లు పెట్టాడు. ఒక్కో మూలకానికి తనవైన గీతలు ఉంటాయని 1859, 1860లలో కిర్‌కాఫ్, బున్సెన్ నిరూపించారు. అప్పటి నుంచి ఆ గీతలే ఆకాశ వస్తువుల రసాయన శాస్త్రానికి ఆధారమయ్యాయి.

గీతలు కనబడటానికి చీలిక సన్నగా ఉండాల్సిందే. వర్ణపటం అంటే, ఒక్కో రంగులో ఏర్పడిన ఆ చీలిక ప్రతిబింబాలన్నీ పక్కపక్కనే పరుచుకోవడం. చీలిక వెడల్పయితే పక్క రంగుల ప్రతిబింబాలు ఒకదాని మీద ఒకటి పడి గీతలు కలిసిపోతాయి. మరీ సన్నమైతే గీతలు తేటగా ఉంటాయి గాని వెలుగు చాలదు. ఈ బేరం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. దీనితోపాటు చీలికకు, అంటే స్లిట్‌కు, ఇంకో గుణం ఉంది: చూడదలచుకున్న వస్తువు చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగును అది బయటే ఆపేస్తుంది. ఈ రెండో గుణం విలువ గుంటూరులో బయటపడింది.

గుంటూరు, 1868

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ అరేబియా తీరం నుంచి దక్కను మీదుగా బంగాళాఖాతం దాటి సయాం వైపు సాగింది. గరిష్ఠంగా 6 నిమిషాల 47 సెకన్ల సంపూర్ణ గ్రహణం ఆ శతాబ్దంలోని దీర్ఘమైనవాటిలో ఒకటి. స్పెక్ట్రోస్కోపు పరిశీలకుల చేతికి వచ్చాక తటస్థించిన తొలి గొప్ప గ్రహణం కూడా అదే. గ్రహణవేళ చంద్రబింబం అంచు చుట్టూ కనిపించే ఎర్రని జ్వాలలు సూర్యుడివా చంద్రుడివా అన్న వివాదం అంతకు ఎనిమిదేళ్ళ ముందు స్పెయిన్‌లో తీసిన ఫోటోలతో తీరింది. అవి దేనితో తయారయ్యాయన్నది తేలాల్సి ఉంది.

ఛాయామార్గం తెలుగు ప్రాంతాన్ని అడ్డంగా కోస్తూ పోయింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నైజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. అంతకు ఏడాది ముందే ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్న రఘునాథాచారి, 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యాడు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. గుంటూరు అప్పటికి జిల్లా కేంద్రం కాదు. 1859 నుంచి కృష్ణా జిల్లాలో కలిసి ఉంది. అలాంటి ఊళ్ళో రెండు దేశాల బృందాలు దిగాయి. బ్రిటిష్ బృందానికి మేజర్ జేమ్స్ టెనంట్ నాయకుడు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడు పియరీ జూల్ సీజర్ జాన్సెన్. ఆయన మద్రాసులో ఓడ దిగి, తీరం వెంట మచిలీపట్నం చేరి, అక్కణ్ణుంచి గుంటూరుకు వచ్చాడు.

ఆగస్టు అంటే నైరుతి రుతుపవనాల కాలం. గ్రహణం రోజున పరిశీలకుల భయమంతా మబ్బు గురించే. సంపూర్ణ గ్రహణం వేళకు గుంటూరులో చూడదగినంత తెరిపి దొరికింది. జాన్సెన్ స్పెక్ట్రోస్కోపు స్లిట్‌ను జ్వాల మీదికి తెచ్చాడు. కనబడింది ఇంద్రధనుస్సులాంటి అవిచ్ఛిన్న వర్ణపటం కాదు; విడివిడిగా మెరిసే కొన్ని గీతలు. జ్వాలలు వాయుమయమని, అందులో ప్రధానం హైడ్రోజన్ అని తేలిపోయింది. టెనంట్, పాగ్సన్, జమఖండిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ కూడా మెరిసే గీతలనే చూశారు. అంతవరకు గుంటూరు మిగతా స్థలాల్లో ఒకటి.

జాన్సెన్ దృష్టిని పట్టింది గీతల ప్రకాశం. ఇంత మెరుపు ఉన్నవి గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనిపించవు? పగటి పూట జ్వాలలను మరుగుపరిచేది సూర్యబింబం చుట్టూ ఆకాశంలో చెదిరే తెల్లని వెలుగు. ఆ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. స్పెక్ట్రోస్కోపులో అది పొడవునా పరుచుకుని పలుచబడుతుంది. జ్వాల వెలుగు మాత్రం కొన్ని గీతల్లోనే పోగుపడి ఉంటుంది. రంగులను ఎంత దూరం విడదీసినా గీత గీతగానే నిలుస్తుంది, ఆకాశపు వెలుగు మాత్రం అంతకంతకూ తగ్గుతుంది. కాబట్టి జ్వాల ఉన్న చోటును స్లిట్‌తో సరిగ్గా పట్టగలిగితే గ్రహణంతో పనిలేదు.

గ్రహణం విడిచాక మబ్బు కమ్మి ఆ రోజు ప్రయోగం సాగలేదు. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, స్లిట్‌లో కొంత భాగం సూర్యబింబం మీద, కొంత భాగం బయట ఉండేలా అంచు దగ్గర నిలిపాడు. నిన్న జ్వాలలు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. స్లిట్‌ను అక్కడే పెట్టాడు. ఎర్రని హైడ్రోజన్ గీత అంచు దాటి బయటికి మెరుస్తూ కనిపించింది. స్లిట్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ప్రతి చోటా గీత ఎంత పొడవుందో గుర్తించుకుంటూ పోతే జ్వాల ఆకారం మొత్తం కాగితం మీదికి వచ్చింది. 17 రోజులపాటు ఇలా రోజూ జ్వాలలను చూస్తూ, అవి గంటల వ్యవధిలోనే ఎంతగా మారిపోతాయో నమోదు చేశాడు.

ఈ సంగతిని వివరిస్తూ జాన్సెన్ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ సైన్సు అకాడమీకి ఉత్తరం రాశాడు. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ రెండేళ్ళుగా ఇదే ఆలోచనతో ఉన్నాడు. ఆయన కోరిన పరికరం ఆలస్యంగా చేతికి వచ్చింది. అక్టోబరు 20న ఆయనా గ్రహణం లేకుండానే జ్వాలల గీతలను చూశాడు. రెండు వార్తలూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చాయి. ముందెవరన్న తగవు లేకుండా ఫ్రాన్స్ 1872లో ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం అచ్చు వేయించింది.

మన పత్రికల్లో తరచు కనిపించే ఒక వాక్యాన్ని ఇక్కడ సరిదిద్దాలి. గుంటూరులో హీలియం కనుగొన్నారని రాస్తుంటారు. 1868 గ్రహణంలో పసుపు గీతను పలువురు చూసిన మాట నిజం. పాగ్సన్ నమోదులోనూ అది ఉంది. అది సోడియం గీతల చోటు కాదని, వేరే స్థానమని నిర్ధారించినవాడు ఆ అక్టోబరు తర్వాత లాక్యర్. కొత్త మూలకం అన్న ఊహా, హీలియం అన్న పేరూ ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చాయి. భూమి మీద దాన్ని విలియం రామ్సే 1895లో పట్టుకున్నాడు. గుంటూరులో పుట్టింది మూలకం కాదు, పద్ధతి. చూడదలచిన చోటు ముందే తెలిస్తే, అక్కడ స్లిట్ నిలిపి, తక్కిన వెలుగును వదిలించుకోవచ్చన్నదే ఆ పద్ధతి. గ్రహణం ఆయనకు చోటు చూపింది, మరునాడు స్లిట్ దాన్ని పరీక్షించింది. ముందు చిత్రం తీసుకుని, దాని ఆధారంగా చీలికలు కోసే నేటి ఆచారానికి తర్కం ఇదే.

ఈ పద్ధతి కొనసాగింపుగా 1890ల తొలి సంవత్సరాల్లో జార్జి హేల్, హెన్రీ డెలాండ్ర్ విడివిడిగా స్పెక్ట్రోహీలియోగ్రాఫును రూపొందించారు. ఒక స్లిట్ సూర్యుడి మీద జరుగుతుంటే, రెండో స్లిట్ ఒక్క గీతనే ఫోటో పలక మీదికి వదులుతుంది. అలాంటి పరికరం తమిళనాట కొడైకెనాల్ వేధశాలకు వచ్చాక, కాల్షియం కె గీతలో సూర్యుణ్ణి రోజూ చిత్రించడం ఒక శతాబ్దపు సంప్రదాయమైంది.

బేగంపేట కొలతలు

రెండో విద్య కథ 1887లో పారిస్‌లో మొదలవుతుంది. ఆకాశమంతటినీ ఫోటో పలకల మీదికి ఎక్కించి, నక్షత్రాల స్థానాల పట్టిక తయారు చేయాలని అక్కడ కూడిన దేశాలు తీర్మానించాయి. ఆకాశాన్ని క్రాంతి (ఆకాశపు అక్షాంశం) వలయాలుగా పంచి ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ అప్పగించారు. పలక మీద ఒక మిల్లీమీటరుకు ఆకాశంలో ఒక ఆర్క్‌మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు; అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను) అని ప్రమాణం నిర్ణయించారు. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ చిలీలోని శాంటియాగో వంతుకు వచ్చింది; అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ చివరికి హైదరాబాదుకు చేరింది.

హైదరాబాదులో వేధశాల ఒక సంపన్నుడి అభిరుచిగా పుట్టింది. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దుర్భిణిని తెప్పించి, 1901లో నగరం అంచున ఫిసల్‌బండాలో వేధశాల నెలకొల్పి, నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. ఆకాశాన్ని ఫోటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫునూ సమకూర్చాడు. ఆయన మరణం తర్వాత, 1908లో ప్రభుత్వం దాన్ని చేపట్టింది. ఆర్థర్ చాట్‌వుడ్ తొలి డైరెక్టరుగా వచ్చి వేధశాలను బేగంపేటకు తరలించాడు. ఆక్స్‌ఫర్డులో హెర్బర్ట్ టర్నర్ దగ్గర పనిచేసిన రాబర్ట్ పోకాక్ 1914లో బాధ్యత తీసుకుని పలకల పనిని మొదలుపెట్టించాడు. పోకాక్ 1918లో చనిపోయాక టి.పి. భాస్కరన్ ఆ స్థానంలోకి వచ్చి 1944 దాకా నడిపించాడు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది.

ఆ పనిలో నాటకీయత ఏమీ లేదు. ఆకాశంలో రెండు డిగ్రీల చదరాన్ని ఒక పలక మీదికి తీసుకోవాలి. పలక మీద ముందే ముద్రించిన గళ్ళ ఆధారంగా, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, ఒక్కో నక్షత్రపు చుక్క గడిలో ఎక్కడుందో చదవాలి. దాని ప్రకాశాన్ని అంచనా కట్టి పుస్తకంలో రాయాలి. ఇలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు కొలిచి, 12 సంపుటాలుగా అచ్చు వేశారు. దక్షిణ పట్టీ అయ్యాక, పాట్స్‌డాం పూర్తిచేయలేకపోయిన ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదు చేపట్టింది. ప్రపంచమంతటా ఈ పథకంలో ఇరుక్కున్న వేధశాలలు కొత్త ఖగోళ భౌతికంలో వెనకబడ్డాయని తర్వాతి తరం విమర్శించింది. విమర్శలో నిజం ఉంది. అయితే ఆ కొలతల ఫలం వేరే శతాబ్దంలో చేతికి వచ్చింది.

నక్షత్రాలు కదులుతాయి. ఏడాదికి ఆర్క్‌సెకనులో ఏ వందో వంతో ఉండే ఆ కదలికను పసిగట్టాలంటే రెండు కొలతల మధ్య కాలం దీర్ఘంగా ఉండాలి. యూరప్ వారి హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా స్థానాలు కొలిచింది. అమెరికా నౌకాదళ వేధశాల ఈ పాత సంపుటాలన్నిటినీ హిప్పార్కస్ ప్రమాణానికి మార్చి తిరగరాసింది. ఈ రెంటినీ పోల్చి, ఇతర పాత పట్టికలనూ కలుపుకుని, 2000లో టైకో-2 పట్టిక వెలువడింది. అందులోని 25 లక్షల నక్షత్రాల సొంత కదలికలకు మొదటి తేదీ కొలతల్లో బేగంపేటవీ ఉన్నాయి. గైయా ఉపగ్రహపు పట్టికలు వచ్చేదాకా, రేకులో చీలిక కోసేవారు నమ్ముకున్న ఆధారాల్లో టైకో-2 ఒకటి.

ఈ వేధశాల ఆవరణలోనే మొదటి విద్యకూ ఒక వారసుడు తయారయ్యాడు. వేణు బప్పు తండ్రి నిజామియాలో సహాయకుడు. నిజాం కాలేజీలో చదివిన బప్పు 1949లో హార్వర్డుకు వెళ్ళి, ఆపై కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి చల్లని నక్షత్రాల కాల్షియం కె గీతను పరిశీలించాడు. ఆ గీత నడుమ కనిపించే మెరుపు వెడల్పుకూ నక్షత్రపు నిజ ప్రకాశానికీ సూటి సంబంధం ఉందని 1957లో ఇద్దరూ ప్రకటించారు. కొడైకెనాల్‌లో సూర్యుడి కోసం వాడిన గీత ఇప్పుడు నక్షత్రాల దూరాలకు కొలబద్ద అయింది. కాని బప్పు, విల్సన్ ఒక్కో నక్షత్రాన్నే స్లిట్ మీదికి తెచ్చుకోవాలి. అప్పటి స్పెక్ట్రోస్కోపీ అంతా అలాంటిదే.

ఒక్క చీలిక నుంచి వందకు

ఆ పరిమితి ఎంత బరువైనదో ఒక్క ఉదాహరణ చాలు. గెలాక్సీలు దూరమయ్యే వేగాలను కొలవడానికి మిల్టన్ హ్యూమసన్ మౌంట్ విల్సన్, పాలోమార్ టెలిస్కోపుల దగ్గర, నికొలస్ మేయల్ లిక్ వేధశాలలో, 1935 నుంచి ఇరవయ్యేళ్ళు కష్టపడ్డారు. 1956లో అచ్చయిన వారి పట్టికలో హ్యూమసన్‌వి 620, మేయల్‌వి 300. ఇద్దరి జీవితకాలపు కృషి వెయ్యి గెలాక్సీలకు చేరలేదు. టెలిస్కోపు ముందు పెద్ద పట్టకం పెట్టి ఆ కనుచూపులోని నక్షత్రాలన్నిటి వర్ణపటాలూ ఒకేసారి తీసే పద్ధతి హార్వర్డులో పాతదే. అందులో స్లిట్ లేదు. కాబట్టి ప్రకాశవంతమైన నక్షత్రాలకు పనికొచ్చింది గాని, మసక గెలాక్సీల వర్ణపటాలు ఒకదాని మీద ఒకటి పడి, ఆకాశపు వెలుగులో మునిగిపోయేవి.

పరిష్కారం 1970ల చివర, 1980ల మొదట్లో రెండు దారుల్లో వచ్చింది. అరిజోనాలో స్టీవర్డ్ వేధశాలవారు లోహపు పలకకు రంధ్రాలు పొడిచి, వాటిలో గాజు తీగలు గుచ్చి, వాటి రెండో కొసలను ఒక స్లిట్ వెంట వరసగా నిలిపారు. అదే రాష్ట్రంలోని కిట్ పీక్‌లో హార్వే బుచర్ రేకులోనే చాలా రంధ్రాలు చేసి నేరుగా వర్ణపటాలు తీశాడు. గాజు తీగల దారి స్లోన్ అనే పెద్ద ఆకాశ సర్వేకు చేరింది. అక్కడ ఒక్కో పలకలో 640 తీగలను పగటిపూట మనుషులు చేత్తో గుచ్చేవారు. రేకు దారి మసక గెలాక్సీలకు స్థిరపడింది, ఎందుకంటే చీలిక అయితే వస్తువు పక్కనే ఉన్న ఆకాశాన్ని కూడా కొలిచి తీసేయడానికి వీలవుతుంది.

చీలిక ఆకారమే ఒక శాస్త్రీయ వాదాన్ని నిర్ణయించిన సందర్భమూ ఉంది. ఆబెల్ 370 అనే గెలాక్సీ గుంపులో 1980ల మధ్యలో ఒక పెద్ద వెలుగు చాపం కనబడింది. అది గుంపులోని వస్తువా, వెనకనున్న గెలాక్సీ వెలుగు గురుత్వానికి వంగి ఏర్పడిన ప్రతిబింబమా అని వాదం నడిచింది. జనవియెవ్ సుకాయ్ నాయకత్వంలోని తులూజ్ బృందం చిలీలోని లా సియా 3.6 మీటర్ల టెలిస్కోపు దగ్గర, రేకులో చాపం వంపు వెంబడే వంకర చీలిక పొడిపించింది. మామూలు తిన్నని చీలిక అయితే చాపంలో ముక్కే దొరికేది. దీనిలో మొత్తం దూరింది. చాపం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే రెడ్‌షిఫ్ట్ (గీతలు ఎరుపు వైపు జరిగిన మేర) వచ్చింది, 0.724. గుంపుది 0.37. వెలుగు చాలా వెనక నుంచి వస్తోందని, గురుత్వ కటకం నిజమని 1988లో అచ్చయిన ఆ వర్ణపటం తేల్చింది.

రేకు గీయడం

ఆ తర్వాతి దశాబ్దాల్లో కెక్, జెమిని, వీఎల్‌టీ టెలిస్కోపులు రేకు పనిని ఒక క్రమానికి తెచ్చాయి. మొదటి మెట్టు ఆ ఆకాశ భాగానికి మంచి చిత్రం, అందులో ప్రతి వస్తువుకూ ఆర్క్‌సెకనులో చిన్న భాగం వరకు సరైన స్థానం. చీలిక వెడల్పు సాధారణంగా ఒక ఆర్క్‌సెకను ప్రాంతంలో ఉంటుంది. స్థానంలో అర ఆర్క్‌సెకను తప్పితే గెలాక్సీ వెలుగులో పెద్ద భాగం రేకు మీదే ఆగిపోతుంది. 10 మీటర్ల కెక్ దగ్గర ఒక ఆర్క్‌సెకను అంటే రేకు మీద సుమారు 0.7 మిల్లీమీటరు. కట్టింగు యంత్రం అంతకంటే చాలా నిక్కచ్చిగా ఉండాలి. కొన్నిచోట్ల అల్యూమినియం రేకును మిల్లింగు యంత్రంతో కోస్తారు. వీఎల్‌టీలోని విమోస్ పరికరానికి, వేడికి దాదాపు సాగని ఇన్వార్ రేకును లేజరుతో కోసేవారు.

రెండో మెట్టు ఎంపిక. వర్ణపటం ఒక దిక్కున పొడుగ్గా పరుచుకుంటుంది కాబట్టి, ఆ దిక్కున ఒకే వరసలో రెండు చీలికలు ఉంటే రెండు వర్ణపటాలూ కలిసిపోతాయి. ఒక్కో చీలిక పొడవు ఆకాశాన్ని కొలిచేందుకు చాలినంత ఉండాలి. ఎనిమిది, పది ఆర్క్‌సెకన్లు మామూలు. రేకు పొడవును ఈ కొలతతో భాగిస్తే ఎన్ని చీలికలు పడతాయో ఇంచుమించు తెలిసిపోతుంది. గుంపులో అభ్యర్థులు వెయ్యి ఉన్నా రేకులో వందకే చోటు. అందుకే ప్రతి గెలాక్సీకీ ప్రాధాన్య సంఖ్య ఇచ్చి, పోటీ పడిన వాటిలో ఎక్కువ సంఖ్య ఉన్నదాన్ని నిలిపే ప్రోగ్రాములు వచ్చాయి. గెలాక్సీ తిరిగే వేగం కావాలంటే దాని పొడుగు వైపుకు చీలికను కొంచెం వాలుగా కోస్తారు.

మూడోది వాతావరణం. నక్షత్రం ఖమధ్యం నుంచి ఎంత కిందికి ఉంటే గాలి దాని వెలుగును అంత పైకి వంచి చూపుతుంది. ఖమధ్యానికి 60 డిగ్రీల దూరంలో చూస్తే, పది ఆర్క్‌మినిట్ల మేర ఉన్న ఆకాశ చిత్రం సుమారు 0.7 ఆర్క్‌సెకను నొక్కుకుపోతుంది. అది దాదాపు చీలిక వెడల్పంత. కాబట్టి ఏ గంటలో, ఏ ఎత్తులో చూడబోతున్నారో ముందే అనుకుని రేకును ఆ నొక్కుడుకు తగినట్టు గీయాలి. మబ్బు పట్టి పరిశీలన రెండు గంటలు ఆలస్యమైతే ఒక్కోసారి ఆ రేకు ఆ రాత్రికి పనికిరాదు.

చివరగా, రేకును ఆకాశానికి సరిపెట్టడానికి కొన్ని చదరపు రంధ్రాలు కోస్తారు. ఎంచుకున్న ప్రకాశవంతమైన నక్షత్రాలు వాటి నడుమకు వచ్చేదాకా టెలిస్కోపును జరుపుతూ, రేకు కోణాన్ని తిప్పుతూ సర్దుతారు. ఈ నక్షత్రాలు పాత పట్టిక తేదీ నుంచి నేటికి ఎంత కదిలాయో లెక్కలోకి తీసుకోకపోతే రేకు మొత్తం పక్కకు పోతుంది. బేగంపేటలో కొలిచిన స్థానాల అవసరం సరిగ్గా ఇక్కడ వస్తుంది.

ఈ క్రమంతో హవాయిలో కెక్ టెలిస్కోపు మీది డైమోస్ పరికరం, రేకుకు వందకు పైగా చీలికలతో, డీప్-2 సర్వేలో సుమారు 50 వేల గెలాక్సీల వర్ణపటాలు తీసింది. హ్యూమసన్, మేయల్‌ల ఇరవయ్యేళ్ళ పట్టికలోని సంఖ్యకు అలాంటి రేకులు పది చాలు.

కరువు మెట్టా, మబ్బు లెక్కా

ఇంత పని తెలుగు నేలమీదే ఎందుకు జరగలేదన్న ప్రశ్న సహజం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం మెట్ట, పైకి చూస్తే వేధశాలకు తగిన చోటనిపిస్తుంది. కాని ఖగోళ శాస్త్రజ్ఞుడికి కావలసింది వాన లేకపోవడం కాదు, మబ్బు లేకపోవడం. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ ప్రాంతంలో నైరుతి కాలమంతా మబ్బులు వస్తూనే ఉంటాయి. గాలికి తేలిపోతాయి, కురవవు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే రైతును ఏ మబ్బు మోసం చేస్తుందో, టెలిస్కోపును మూయించేదీ అదే మబ్బు. 1968లో హైదరాబాదుకు దక్షిణాన జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపుకు, బప్పు తమిళనాట జవ్వాది కొండల్లో కావలూరులో ఎంచుకున్న చోటుకు కూడా వానాకాలం నెలలు నష్టమే.

అందుకే 2000లో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు 4,500 మీటర్ల ఎత్తున, లదాఖ్‌లోని హాన్లేలో వెలిసింది. అక్కడ వానతోపాటు మబ్బూ తక్కువ. దాన్ని నడిపేది మాత్రం ఈ మెట్ట కొనసాగింపు మీదినుంచే. అనంతపురం, పెనుకొండ దాటి దక్షిణానికి పోతే, తెలుగు వినిపించే చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు శివారులోని హోసకోటె వస్తుంది. అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థవారి కేంద్రం నుంచి ఉపగ్రహ సంబంధంతో హాన్లే టెలిస్కోపును తిప్పుతారు, స్లిట్‌ను మారుస్తారు. అక్కడి స్పెక్ట్రోగ్రాఫులో తరచు వాడే ఒక స్లిట్ వెడల్పు 167 మైక్రాన్లు; ఆకాశంలో అది 1.92 ఆర్క్‌సెకన్లు. హోసకోటె ఆవరణలోనే, భారత్ భాగస్వామిగా ఉన్న 30 మీటర్ల టెలిస్కోపు అద్దపు ముక్కలకు మెరుగు పెట్టే కేంద్రం కూడా ఏర్పడింది. ఆ టెలిస్కోపు పూర్తయితే దాని నాభి తలంలో ఒక ఆర్క్‌సెకను సుమారు 2.2 మిల్లీమీటర్లు ఉంటుంది.

మూసిన భాగం

లోహపు రేకు అవసరం కొన్నిచోట్ల తీరిపోతోంది. 2021 డిసెంబరు 25న ఎగసిన జేమ్స్ వెబ్ టెలిస్కోపులో రేకుకు బదులు దాదాపు రెండున్నర లక్షల సూక్ష్మ తలుపులు ఉన్నాయి. ఏ గెలాక్సీ కావాలో దాని ముందున్న తలుపు తెరుస్తారు. కోత పోయింది, ఎంపిక పోలేదు. పక్కపక్కనే ఉన్న రెంటిలో ఒకదాన్నే తీసుకోవాలన్న నిర్బంధం అక్కడా ఉంది. స్లోన్ సర్వేలో ఒకే పలక మీద రెండు తీగలను 55 ఆర్క్‌సెకన్ల కంటే దగ్గరగా పెట్టడం కుదరలేదు. దాంతో దగ్గర దగ్గర గెలాక్సీల జంటలు పట్టికలో తక్కువగా నమోదయ్యాయి. గెలాక్సీలు ఎంత గుంపులు కడతాయన్న లెక్క దీనివల్ల తప్పుదారి పట్టకుండా శాస్త్రజ్ఞులు సవరణలు చేయాల్సి వచ్చింది. వర్ణపటాల పట్టికను చదివేవాడు, అందులో ఏం ఉందో చూసినంత శ్రద్ధగా, ఏ నియమంతో ఏది వదిలేశారో కూడా చూడాలి. మంచి సర్వేలు తమ ఎంపిక నియమాలను పట్టికతోపాటే ప్రకటించడానికి కారణం ఇదే.

మన విజ్ఞాన చరిత్రకూ ఈ నియమం వర్తిస్తుంది. ఆ చరిత్రలో గుంటూరుకు చోటు దొరికింది, కాని హీలియం పేరుతో, తప్పు కారణానికి. బేగంపేట కొలతలకు చోటే దొరకలేదు. అవి ఎవరి పేరునా మోగలేదు, ఏ పతకం మీదా ఎక్కలేదు. స్లిట్ మాస్క్ చరిత్ర చదివితే ఈ రెంటి విలువా కొత్తగా తూగుతుంది. జాన్సెన్ ఆలోచనకు పదును ఇచ్చింది జ్వాల చోటు ముందే తెలియడం. లక్షల వస్తువులకు అలా చోటు ముందే తెలిసి ఉండాలంటే ఎవరో ఒకరు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని చుక్కలు కొలవాల్సిందే. నిజామియా 12 సంపుటాలు మందకొడి పనికి గుర్తు కాదు. ఈనాటి వర్ణపట సర్వేల పునాదిలో అవీ ఒక వరస. తెలుగు ప్రాంతపు విజ్ఞాన చరిత్ర రాసేవారు గుంటూరు పక్కన బేగంపేటకూ పేజీ కేటాయించాలి.